రిమోట్ మీద నేరం

వీడియో గేముల గురించి మా అన్నయ్య మాట్లాడటం మొదలుపెడితే, స్టవ్ కట్టేసి వచ్చి కూర్చోవాలి. అంత తొందరగా తేలే వ్యవహారం కాదు. తల నెరిసింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి, అయినా ఆటల దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడి పౌరుషం. వీధిలో అందరూ తనని హైస్కోర్ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది నేనే, వెక్కిరింతకి. తను మాత్రం దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు.

తన వాదన ఇది. పాత ఆటలో నొక్కితే నొక్కినట్టే. బొటనవేలు కిందికి దిగేలోపు బొమ్మ గాల్లో ఉంటుంది. కొత్త ఆటలో నొక్కితే అది విని, ఆలోచించి, మనసైతే దూకుతుంది. పాత ఆటలో ప్రాణాలు అయిపోతే అయిపోయినట్టే, బుద్ధిగా మొదటి నుంచి రావాలి. కొత్త ఆటలో చచ్చినా చావనివ్వరు, పడ్డచోటే లేపి నిలబెడతారు. దారి తప్పుతామేమోనని ఒక బాణం గుర్తు, మర్చిపోతామేమోనని చెవి దగ్గర ఒక గొంతు. "అది ఆటా, అత్తారిల్లా? సొంతంగా ఒక్క అడుగు వెయ్యనివ్వరే!" అంటాడు. బొమ్మలు బాగుంటాయని మాత్రం ఒప్పుకుంటాడు. ఒక కొత్త ఆటలో వాన పడుతుంటే, తడిసిన రోడ్డు చూస్తూ ఆడటం మర్చిపోయి నిలబడిపోయానని ఒకసారి నాతో చెప్పాడు. చెప్పాక ఎందుకు చెప్పానా అన్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

వీటన్నిటికంటే తనకి ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంది. మనం ఒకేచోట పదేపదే ఓడిపోతుంటే, కొన్ని కొత్త ఆటలు అది కనిపెట్టి మనకి చెప్పకుండా తేలికైపోతాయట. శత్రువు కాస్త నెమ్మదిస్తాడు, గురి కాస్త తప్పుతాడు. మనమేమో గెలిచేశామని చంకలు గుద్దుకుంటాం. ఈ విషయం తెలిసిన రోజున, అప్పటిదాకా ప్రేమగా ఆడుకున్న ఆటను అన్నయ్య మెషీన్‌లోంచి తీసేశాడు. "ఓడించమను, పడతాను. జాలిపడి గెలిపించి, నేనే గెలిచానని నన్ను నమ్మించడమేంటి చిన్నీ? అంతకంటే అవమానం ఉంటుందా?" అన్నాడు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఒక ఆట కోసం ఇంత రాద్ధాంతమా అని నేను నవ్వాను.

అన్నయ్య ఉద్యోగం క్రేన్ మీద. ఎత్తైన భవనాలు కట్టేచోట ఆకాశంలో ఇనుప చెయ్యి చాపుకుని నిలబడుతుందే, ఆ క్రేన్. పొద్దున్నే నిచ్చెన ఎక్కి పైనున్న గాజు గదిలో కూర్చుంటే మళ్లీ భోజనానికే దిగడం. ఫోన్ పైకి తీసుకెళ్లకూడదు. కింద ఆఫీసులో సొరుగులో పెట్టి ఎక్కాలి. పైనుంచి తను చూడగలిగింది కొంతే. గోడ వెనక దించాల్సినప్పుడు, లోపలి అంతస్తులో దించాల్సినప్పుడు తనకేమీ కనపడదు. కింద ఒక మనిషి వాకీటాకీ పట్టుకుని నిలబడి "దించు, దించు, ఇంకొంచెం, ఆపు" అని చెప్పాలి. పైనున్నవాడు ఆ గొంతుని నమ్మి చెయ్యి కదపాలి.

ఆ గొంతు మా ఆయనది. పెళ్లికి ముందు నుంచీ ఇద్దరిదీ ఒకటే సైటు. అసలు సంబంధం తెచ్చిందే అన్నయ్య. ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు. వాకీటాకీలో కూడా "బావా దించు, బావా ఆపు" అంటారట. అది విని ఇంజనీర్లు మొదట్లో చిరాకుపడి, తర్వాత అలవాటుపడిపోయారు. మా ఆయన తల మీద టన్నుల బరువు వేలాడుతుంటుంది. "ఆపు" అనే మాటకీ ఆ బరువు ఆగడానికీ మధ్య ఉండేది మా అన్నయ్య కుడిచెయ్యి ఒక్కటే. ఇన్నేళ్లలో ఆ సంగతి తలుచుకుని నేను ఏనాడూ భయపడలేదు. ఆ చెయ్యి సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కదా.

నాది బజారులో చిన్న రిపేరు కొట్టు. ఫోన్లు, చార్జర్లు, ఆటల రిమోట్లు బాగుచేస్తాను. కొట్టు పక్కనున్న ఖాళీ స్థలం మీదుగా చూస్తే వాళ్ల క్రేన్ చెయ్యి కనపడుతుంది. పోయిన ఏడాది పాత క్రేన్ తీసేసి కొత్తది బిగించారు. పాతదానికి మోచేతి బలం పెట్టి లాగాల్సిన ఇనుప లివర్లు ఉండేవట. కొత్తదానికి వేళ్లతో తిప్పే చిన్న పిడి, పక్కన ఒక తెర. అన్నయ్య మొదటి రోజే పెదవి విరిచాడు.

"ఇది కూడా కొత్త ఆటే చిన్నీ. నొక్కితే ఆలోచిస్తోంది."

సరిగ్గా ఆ రోజుల్లోనే తన ఆట రిమోట్ నా కొట్టుకి రావడం మొదలైంది. బటన్ లేటుగా పడుతోందన్నాడు. విప్పి చూశాను. రబ్బరు బిళ్ల శుభ్రంగా ఉంది, వైర్లు శుభ్రంగా ఉన్నాయి. నా తృప్తి కోసం బిళ్ల మార్చి ఇచ్చాను. వారం తిరక్కుండా మళ్లీ తెచ్చాడు. ఈసారి లోపలి సర్క్యూట్ బోర్డే మార్చాను. "కాస్త నయం" అన్నాడు గానీ తనకే నమ్మకం లేదు. రిమోట్ అందుకోవడానికి ఎడమచెయ్యి చాపాడని అప్పుడు గమనించాను. అడిగితే కుడి భుజం పట్టేసిందన్నాడు. టీ గ్లాసు బల్ల అంచుకి పెట్టి, అది జారి పగిలితే, నా బల్లే వంకరగా ఉందన్నాడు. నా బల్ల ఎందుకు వంకరగా ఉంటుంది? కొట్టు పెట్టినప్పుడు నేనే మట్టం చూసి బిగించుకున్న బల్ల అది.

కొత్త ఆటలు లేటు, కొత్త టీవీలు లేటు, కొత్త క్రేన్ లేటు. వినడానికి సబబుగానే ఉండేది, ఎందుకంటే అందులో నిజం ఉంది. కొత్త టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుందని నాకూ తెలుసు. అందుకే నేను ఊఁ కొట్టేదాన్ని. మా ఆయన మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని పెట్టుకుని లేచి వెళ్లిపోయేవాడు. ఆటల గోల భరించలేక వెళ్తున్నాడనుకున్నాను.

ఒక రోజు అన్నయ్యకి రోషం వచ్చింది. "మన పాత ఆటల పెట్టె ఉందా? దాన్ని ఆ లావు డబ్బా టీవీకి తగిలించి ఇవ్వు. వాటి మధ్యలో ఆలోచించేది ఏదీ ఉండదు. నా చెయ్యేంటో అప్పుడు చూపిస్తా" అన్నాడు.

నాకు సంబరమేసింది. మా చిన్నప్పుడు నాన్న తెచ్చిన బూడిదరంగు పెట్టె అది. అందులో వంతెన ఆట ఉండేది. బొమ్మ కాలు పెట్టగానే పలకలు ఒక్కొక్కటిగా ఊడి పడిపోతుంటాయి. పలక ఊడేలోపు తరవాతి దాని మీదికి దూకాలి. అన్నయ్య ఆ వంతెన కళ్లు మూసుకుని దాటేవాడు. పొగడ్త కాదు, నిజంగా మూసుకునేవాడు. నేను చూస్తూ పళ్లు నూరుకునేదాన్ని. నేనేమో ఎప్పుడూ మధ్యలోనే పడిపోయి, రిమోట్ బాగాలేదని ఏడ్చేదాన్ని. ఈ ఏడుపు పడలేక అమ్మ ఒక చట్టం పెట్టింది. రిమోట్ మీద నేరం మోపినవాళ్లు అవతలివాళ్ల రిమోట్ తీసుకుని మళ్లీ ఆడాలి. అప్పుడూ ఓడిపోతే ఆ పూట గిన్నెలన్నీ వాళ్లే తోమాలి. మా ఇంట్లో ఎక్కువ గిన్నెలు తోమింది ఎవరో చెప్పక్కర్లేదు.

పెట్టె బాగుచేశాను. ఎవరో పారేయబోతున్న డబ్బా టీవీ ఒకటి తెచ్చి దాన్నీ బాగుచేశాను. సెలవురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగదిలో పెట్టాం. అన్నయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మా ఆయన గోడకి చేరగిలబడ్డాడు. ఆట పాట మొదలవగానే నాకు చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది.

అన్నయ్య వంతెన మీదికి వెళ్లాడు. మూడో పలక దగ్గర పడిపోయాడు.

నవ్వాం. తనూ నవ్వాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అక్కడే పడిపోయాడు. ఈసారి నేను టీవీ వైపు కాకుండా తన బొటనవేలి వైపు చూశాను. కళ్లు దూకమన్నాయి, పెదవులు బిగుసుకున్నాయి, భుజం కూడా కదిలింది. వేలు ఆఖర్న వచ్చింది. పలక అప్పటికే కింద పడిపోతోంది.

"రిమోట్ బాగాలేదే," అన్నాడు.

ఆ మాట తన నోట నేను ఎన్నడూ వినలేదు. అది నా మాట. నేను అమ్మ చట్టమే చెప్పాను. "అయితే మార్చుకుందాం."

మార్చుకున్నాం. బాగాలేదన్న రిమోట్‌తో నేను వంతెన మొత్తం దాటాను. జీవితంలో మొదటిసారి. ఇంకో రోజైతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. అన్నయ్య నా రిమోట్ తీసుకుని మళ్లీ మూడో పలక దగ్గరే పడిపోయాడు. తను రిమోట్ నేల మీద పెట్టి, "నిద్ర సరిపోవట్లేదు" అని లేచాడు. తిన్నగా వంటగదిలోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. వద్దన్నా వినలేదు. లోపల ఒక పళ్లెం పగిలిన శబ్దం వినిపించింది. మేమిద్దరం లేవలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"డాక్టరుకి చూపించుకో అన్నయ్యా" అన్నాను, తను చెప్పులేసుకుంటుంటే.

"చూపిస్తాలే. రేపు మెట్లు దించాలి. అది అయ్యాక."

మెట్లంటే ముందే పోతపోసి తెచ్చే సిమెంటు మెట్లు. ఒక్కో వరస ఒక లారీ బరువు. వాటిని భవనం లోపలి సందులోకి దించాలి. పైనుంచి ఏమీ కనపడదు. కిందున్న మనిషి ఒక చేత్తో ఆ వరసని పట్టుకుని సరిగ్గా చోటు చూపించాలి. ఆ మనిషి మా ఆయన.

పొద్దున్నే లేచి నేను కడుపు పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగాను. చచ్చిపోయే నొప్పి అన్నాను. నటనలో నాకేం తక్కువ లేదు. మా ఆయన కంగారుపడి సైటుకి ఫోన్ చేసి రాలేనని చెప్పాడు. సిగ్నల్ ఇవ్వడానికి స్టోరు చూసే పెద్దాయన్ని నిలబెడతామన్నారట. ఆయనకీ ఆ పని తెలుసు, సిగ్నల్ ఇచ్చే అనుమతి కార్డు కూడా ఉంది. ఆసుపత్రిలో వరసలో కూర్చున్నాం. నేను గోడ గడియారం చూస్తూ, ఈ పూటకి గండం గడిచిందనుకున్నాను. సాయంత్రం అన్నయ్యని మెడపట్టి డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లొచ్చు. ఈ ఒక్క రోజు మా ఆయన ఆ బరువు కింద లేకపోతే చాలు.

మా పేరు పిలిచే ముందు, ఇంక దాచలేక చెప్పేశాను. "నాకేం నొప్పి లేదు. నిన్ను వెళ్లనివ్వకూడదని నాటకమాడాను. నిన్న అన్నయ్య వేలు చూశావు కదా. ఆ చెయ్యి కింద నువ్వు నిలబడొద్దు."

కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశావే" అన్నాడు. "నేను అక్కడ ఉంటేనే ఏమీ కాదు."

"అంటే?"

"నేను ముందే చెప్తాను. ఇంకా జానెడు ఉండగానే ఆపు అనేస్తాను. బావ చెయ్యి వచ్చేసరికి ఆ జానెడు దిగిపోయి సరిగ్గా కూర్చుంటుంది. కొత్త క్రేన్ వచ్చినప్పటి నుంచీ ఇంతే. మొదట్లో బెత్తెడు ముందు చెప్తే సరిపోయేది."

"అన్నయ్యకి తెలుసా?"

"బావకి చెప్తే క్రేన్ దిగిపోతాడు. ఆ క్రేన్ దిగితే ఏమైపోతాడో నీకు తెలీదా?"

"మరి స్టోరు పెద్దాయనకి?"

మా ఆయన అప్పటికే లేచి పరిగెడుతున్నాడు. ఆ పెద్దాయనకి ఎవరు చెప్తారు? ఆయన నియమం ప్రకారం, ఆపాల్సినప్పుడే ఆపు అంటాడు. నా భర్తని తప్పించానని కులాసాగా కూర్చున్నాను గానీ, ఆ బరువు కిందికి ఇంకొకరి ఇంటాయన్ని తోశానని నాకు అప్పుడు తెలిసింది. వెనకే పరిగెడుతూ ఫోన్లు చేశాను. అన్నయ్య ఫోన్ మోగుతూనే ఉంది, ఆఫీసు సొరుగులో. ఆఫీసు ఫోన్ ఎవరూ ఎత్తలేదు. అందరూ మెట్ల దగ్గర ఉండి ఉంటారు.

బండి మీద నేను వెనక కూర్చుని దారంతా క్రేన్ వైపే చూశాను. ఎక్కడి నుంచి చూసినా కనపడుతూనే ఉంది. దాని చెయ్యి మెల్లగా తిరుగుతోంది. కొక్కేనికి మెట్ల వరస వేలాడుతోంది. సైటు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ వరస గోడల మధ్యకి దిగిపోయి కనపడకుండా పోయింది. తాడు మాత్రం ఇంకా దిగుతోంది.

లోపలికి పరిగెత్తాం. మా ఆయన "ఆపండి" అని అరుస్తున్నాడు. ఇనుము కోసే మిషన్ మోతలో అది ఎవరికి వినపడుతుంది? స్తంభాల అవతల స్టోరు పెద్దాయన కనిపించాడు. ఒక చేతిలో వాకీటాకీ, ఇంకో చెయ్యి మెట్ల అంచు కింద. "దించు, దించు, ఇంకొంచెం," అంటున్నాడు. పని తెలిసిన మనిషి. తొందర లేదు, తడబాటు లేదు.

"ఆపు."

ఆగలేదు. సరిగ్గా జానెడు దిగి, దబ్బుమని కూర్చుంది. ఆయన వెనక్కి పడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి ఆయన నేల మీద కూర్చుని తన చేతివేళ్లు ఒక్కొక్కటిగా ముడుస్తూ, చాపుతూ చూసుకుంటున్నాడు. వేళ్లన్నీ ఉన్నాయి. చేతొడుగు మాత్రం మెట్ల కింద ఉండిపోయింది, అంచు ఒక్కటే బయటికి కనపడుతోంది. అది మా ఆయన సైటులోనే ఉంచే చేతొడుగు. పెద్దాయనకి వదులై, లాగగానే చెయ్యి జారి వచ్చేసింది. ఆయన ఏడవలేదు, తిట్టలేదు. నేను టైముకే చెప్పాను, నేను టైముకే చెప్పాను, అని అదే మాట అంటున్నాడు.

మా ఆయన కింద పడ్డ వాకీటాకీ తీసుకున్నాడు. "బావా, ఎవరికీ ఏమీ కాలేదు. బరువు వదిలేసి నెమ్మదిగా దిగు."

మిషన్లన్నీ ఆగిపోయాయి. పనివాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొంతసేపటికి వాకీటాకీలో అన్నయ్య గొంతు వచ్చింది, మామూలుగానే.

"ఆయన ఆపు అనగానే ఆపాను బావా."

"అవును బావా."

"రోజూ ఇలాగే ఆపుతున్నాను కదా."

"అవును."

"మరి రోజూ సరిగ్గా ఎలా కూర్చుంటోంది?"

మా ఆయన వాకీటాకీ బటన్ నొక్కాడు. బటన్ మీద వేలు అలాగే ఉండిపోయింది. తీశాక, పైనుంచి మళ్లీ అడిగాడు.

"ఎప్పటి నుంచి నాకు తేలిక చేస్తున్నావు?"

చుట్టూ ఉన్నవాళ్లకి ఆ మాట అర్థం కాలేదు. మా ఇద్దరికే అర్థమైంది. అన్నయ్య దిగిరావడానికి చాలాసేపు పట్టింది. నిచ్చెన మీద ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంటోంది, కుడిచెయ్యి మెట్టు వెతుక్కుంటోంది. కిందికి వచ్చి ముందు పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఆయన చెయ్యి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లకి అద్దుకున్నాడు. ఇంజనీరు దగ్గరికి వెళ్లి తనే అంతా చెప్పాడు. అందులో మా ఆయన పేరు ఎక్కడా రానివ్వలేదు. మా వైపు చూడలేదు.

డాక్టర్లు చాలా పరీక్షలు చేశారు. నరాల జబ్బు అన్నారు. ఇంతకంటే బాగుపడదు, నెమ్మదిగా ఎడమచేతికీ వస్తుంది అన్నారు. అన్నయ్య అంతా విని, "లేటు నాలోనే అన్నమాట" అన్నాడు. అంతే. చాలా రోజులు మా గుమ్మం తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు, మా ఆయనకి ఇవ్వబోతే పెట్టేసేవాడు.

పోయిన సెలవురోజు మధ్యాహ్నం చెప్పకుండా వచ్చాడు. డబ్బా టీవీ అక్కడే ఉంది, నేను తియ్యలేదు. నేల మీద కూర్చుని, ఒక రిమోట్ తను తీసుకుని, రెండోది మా ఆయన వైపు తోశాడు.

"కూర్చో బావా. నిజంగా ఆడు. కావాలని పడ్డావో, జన్మలో నీ ముఖం చూడను."

మా ఆయన కూర్చున్నాడు. అన్నయ్య మొదటి పలక దగ్గరే పడిపోయాడు. తరవాత మా ఆయన వంతు. పలకలు ఊడిపోతున్నాయి, ఆయన ఒక్కొక్కటి దూకుతున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యట్లేదు. అన్నయ్య తెర చూడటం లేదు. మా ఆయన వేళ్ల వైపే, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. వంతెన దాటాక ఊపిరి వదిలి, "ఇప్పుడు నేను" అని రిమోట్ ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.